పద్దెనిమిదో పేరు

అన్నయ్యా,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఒకే ఇంట్లో, గోడకు అటు నువ్వు, ఇటు నేను పెరిగాం. ఏం కావాలన్నా అరిస్తే సరిపోయేది. నాన్న నన్ను "మైకు" అని ఊరికే పిలవలేదు కదా. ఇప్పుడు నువ్వు రైలు పట్టాలకు అవతల, నేను ఇవతల. నీ ఇల్లు ఎక్కడో కూడా నాకు తెలియదు. అందుకే ఎరుపు జట్టు మైదానం గేటు దగ్గర ఇమ్మని, ఏడో నంబరు బస్సు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పెద్ద మీసాలాయన. అవతలివాడైనా మంచివాడు. చూశావా, ఆ "అయినా" రాయకుండా ఉండలేకపోయాను.

ఇంకో తొమ్మిది రోజుల్లో ఫుట్‌బాల్ ప్లేఆఫ్. చివరికి మిగిలిన నాలుగు జట్లలో ఒక్కటే పై లీగుకి వెళ్తుంది, మిగతా మూడూ ఏడాదంతా పరిగెత్తిన పరుగు నీళ్ళపాలే. ఈసారి సెమీఫైనల్ మన నీలం జట్టు మైదానంలో, మీ ఎరుపు జట్టుతో. ఊరంతా అప్పుడే ఒంటి మీద తెలివి లేకుండా తిరుగుతోంది. మా బస్టాండులో టీ కొట్టాయన ఎర్ర చొక్కా వేసుకున్న మనిషికి చక్కెర లేని టీ ఇచ్చి, "అయిపోయిందండీ" అన్నాడు. సీసా నిండా చక్కెర కనబడుతూనే ఉంది. నేనైతే నవ్వలేకపోయాను. ఆ రోజు నేను మళ్ళీ స్టేడియం మైకు ముందు కూర్చోవాలి, మళ్ళీ జాబితా చదవాలి.

ఆ జాబితా కోసమే ఈ ఉత్తరం. నీకు తెలిసిన సంగతే అయినా మొదటినుంచీ రాస్తాను. రాస్తేగానీ నేను చేసిన పని ఎంతటిదో నాకే కనబడేలా లేదు. ఆ ఏడాదిలో పోయిన మన అభిమానుల పేర్లు ప్లేఆఫ్ మొదటి ఆటకు ముందు చదువుతాం. ఇంట్లో పెట్టిన పేర్లు కాదు, గ్యాలరీలో పిలిచే పేర్లు. ఒక్కో పేరు చదవగానే పదివేల మంది లేచి ఒకే ఒక్క చప్పట కొడతారు. రెండోది కొట్టకూడదు. ముప్ఫై ఏళ్ళు ఆ మైదానంలో గడ్డి పెంచి, ఆ మైకులో మాట్లాడిన నాన్నకూ ఒకే చప్పట దక్కింది. ఆ పేరు చదివింది నేనే. సామాన్ల కొట్టు పక్కన, నాన్న నిలబడే మూలలో నిలబడి చప్పట కొట్టావు నువ్వు.

నాన్న పని మనం పంచుకున్నాం. నీకు గడ్డి, నాకు గొంతు. గ్యాలరీ నిన్ను గడ్డి మేస్త్రి అనడం అప్పుడే మొదలుపెట్టింది. ఏడాది తిరగకుండానే కమిటీవాళ్ళు గడ్డి పీకించి ప్లాస్టిక్ పరిపించారు. "దీన్ని తుడవడానికి చీపురు చాలు, నేనెందుకు?" అని నువ్వు నాన్న ముడుల తాడు భుజాన వేసుకున్నావు. గోలు నుంచి పెనాల్టీ చుక్క దాకా పన్నెండు గజాలు కొలిచే తాడు అది. అదైనా వదిలి వెళ్ళమన్నాను. "తివాచీ మారిస్తే ఇల్లు మారతారా?" అని వీధిలో నిలబడి అరిచాను. నువ్వు వెనక్కి తిరిగి, "గడ్డి ఎక్కడుంటే అక్కడే నా పని" అన్నావు. ఎరుపు మైదానంలో చేరావు. అప్పుడు ఏడ్చానుగానీ, అప్పటికింకా నీ మీద అసహ్యం లేదు.

అసహ్యం రెండేళ్ళ కిందట పుట్టింది. మీ మైదానంలో ప్లేఆఫ్, ఆఖరి నిమిషాలు, స్కోరు సమానం, మనకి పెనాల్టీ. కొట్టేది మన బక్కోడు. వాడు ఆ ఏడాది ఒక్క పెనాల్టీ కూడా వదల్లేదు. నీలం మఫ్లరు నోట్లో కుక్కుకుని చూస్తున్నాను. వాడు పరిగెత్తుకొచ్చి ఎడమ కాలు ఆనించాడు. ఆ కాలి కింద నేల జారింది. వాడు వెల్లకిలా పడ్డాడు, బంతి గ్యాలరీ కప్పు మీదికి పోయింది. తర్వాత రెండు నిమిషాలకే మీవాళ్ళు గోలు కొట్టారు. ఎరుపు గ్యాలరీ నవ్విన నవ్వు ఇంటిదాకా నా వెంట వచ్చింది.

ఆ నేల నీది, అన్నయ్యా. ఆటకు ముందు మైదానం తడిపేది నువ్వు. ఎక్కడ ఎంత తడిపితే ఎవడు జారతాడో నీకంటే తెలిసినవాడు పట్టాలకు రెండువైపులా లేడు. నాన్న నేర్పిన పనితో నాన్న జట్టునే పడగొట్టావని నమ్మాను. నిన్ను అడగలేదు. అడగడానికి ఏముంది, కళ్ళారా చూశాను కదా అనుకున్నాను.

ఇక కిందటేడు. మన అభిమానుల సంఘం కార్యదర్శి సెలూన్ మామ ఇచ్చిన కాగితంలో పదిహేడు పేర్లు ఉన్నాయి. బస్టాండులో బస్సులు చెప్పే గొంతుతోనే ఒక్కొక్కటీ చదివాను. పదిహేడోది అయింది. కాగితం అయిపోయింది. నా నోరు ఆగలేదు. "గడ్డి మేస్త్రి" అన్నాను.

నా గొంతు వణకనైనా వణకలేదు. "ఏడో నంబరు బస్సు మూడో ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉన్నది" అన్నట్టే అన్నాను. "నా దృష్టిలో వాడు చచ్చాడు" అని ఎంతమంది అనరు? కోపం వస్తే ఇంట్లో నలుగురి ముందు అంటారు, మర్నాడు అన్నం పెడతారు. నేను పదివేల మంది ముందు అన్నాను. పదివేల జతల చేతులు ఒక్కసారి చరిచాయి. ఎవరికీ అనుమానం రాలేదు. సొంత చెల్లెలు చదివితే అబద్ధమని ఎవరనుకుంటారు?

చప్పట అయిపోయింది. స్టేడియం నిశ్శబ్దమైంది. అప్పుడు ఇంకొకటి వినిపించింది. ఒక్కటే, ఆలస్యంగా, సామాన్ల కొట్టు మూల నుంచి.

అది నాన్న చప్పట. రెండు అరచేతులు గుంటగా పెట్టి కొట్టే ఆ మొద్దు చప్పుడు నాకు తెలియదా? నేను నీ పేరు చదివితే నాన్న వచ్చి చప్పట కొట్టి వెళ్ళాడు. ఏడాదిగా అది నా చెవుల్లోంచి పోవడం లేదు. నాన్న నిన్ను తనతో తీసుకువెళ్ళడానికి వచ్చాడేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

బతికే ఉన్నావా? ఒక్క ముక్క రాయి. తిట్టు. బండబూతులు తిట్టినా చాలు, దాచుకుంటాను.

నీ చెల్లెలు,
మైకు

*

అన్నయ్యా,

అయిదు రోజులైంది. జవాబు లేదు. ఇవాళ మీసాల డ్రైవరు కాఫీ తాగుతుంటే వెళ్ళి అడిగాను.

"గడ్డి మేస్త్రా? ఆయన అక్కడ మానేసి ఏడాదైందమ్మా" అన్నాడు. "పోయినేడు మీ ప్లేఆఫ్ అయిన వారానికే. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. గేటు తాత మాత్రం ఉత్తరం తీసుకున్నాడు, కనబడితే ఇస్తాలే అన్నాడు."

"కనబడతాడా?" అన్నాను.

"ఏమోనమ్మా. ఆయన పోయాక మా మైదానం గీతలు కూడా వంకరగా వస్తున్నాయి" అని కప్పు కింద పెట్టి వెళ్ళిపోయాడు. "పోయాక" అన్నాడు. ఉద్యోగం నుంచి పోయాక అనే అర్థం. అయినా అక్కడి బెంచీ మీదే కూర్చుండిపోయాను. రెండు బస్సులు ప్రకటన లేకుండానే వెళ్ళాయి. బస్టాండు మేనేజరు చేత చీవాట్లు తిన్నాను.

బస్టాండులో నా ప్రకటన గది నీకు తెలుసు కదా. నాలుగు అడుగుల పొడవు, ఒక మైకు, ఒక ఫ్యాను, ఒక కిటికీ. ఆ కిటికీ తెరిస్తే గోడ. కింద ప్లాట్‌ఫాం మీద ఎవరు ఉన్నారో నాకు కనబడదు, నేను ఎవరో వాళ్ళకు కనబడను. పదకొండేళ్ళుగా అదే హాయిగా ఉండేది. ఇప్పుడు ఆ గది నన్ను తినేస్తోంది. ప్రతి ప్రకటన తర్వాతా ఆగుతున్నాను. స్విచ్ మీద వేలు పెట్టి, ఆ చప్పట వస్తుందేమోనని వింటున్నాను. రాదు. రానప్పుడు ఇంకా భయం. స్పీకర్లలో నా గొంతే నాకు తిరిగి వినబడుతుంటే, ఈ గొంతే కదా చంపింది అనిపిస్తుంది.

ఈ ఏడాది నేను పడ్డ అవస్థ విను, నీకు నవ్వొస్తుంది. ఆట అయిన మర్నాటి నుంచీ పరామర్శలు మొదలయ్యాయి. ఎదురింటి పిన్ని మూడు రోజులు క్యారియర్ పంపింది. స్కూల్లో నీకు లెక్కలు చెప్పిన మాస్టారు వచ్చి, "మొద్దువాడేగానీ గీత మాత్రం తిన్నగా గీసేవాడు" అని కళ్ళు తుడుచుకున్నాడు. నేను తల ఊపాను. పిన్ని క్యారియర్‌లో అన్నం కూడా తిన్నాను. నువ్వు చనిపోయావని పంపిన అన్నం! మొదటి రోజు కోపంగా ఉండి నిజం చెప్పలేదు. రెండో రోజు సిగ్గుపడి చెప్పలేదు. పదో రోజుకి ఇక చెప్పే దారే లేకపోయింది. ఎరుపువాళ్ళను అడిగితే తెలిసిపోయేదే. కానీ మనవాళ్ళు వాళ్ళతో మాట్లాడితే కదా. పట్టాలు దాటితే అరిగిపోతారు మరి!

నిన్న సెలూన్ మామ బస్టాండుకి వచ్చాడు. చంకలో గుడ్డ చుట్టిన రాతిపలక. కిందటేటి పేర్లన్నీ చెక్కించాడు, ఆట రోజు సామాన్ల కొట్టు గోడకు బిగిస్తాడట. గుడ్డ విప్పి చివరి వరుస చూపించాడు. రాతి మీద నీ పేరు.

"మీ అన్నది అందరికంటే లోతుగా చెక్కించానమ్మా" అన్నాడు. "అవతలికి పోయినా మనవాడే. అవునా కాదా?"

"అవును మామా" అన్నాను. అప్పుడే చెప్పేయాల్సింది. ఆ మైకు పోతుందని భయపడ్డాను. నాన్న దగ్గరనుంచి నాకు మిగిలింది అదొక్కటే. నీ దగ్గర తాడైనా ఉంది.

కానీ రాతి మీద చూశాక ఇక మోయలేను. ఆట రోజు మైకులోనే చెప్పేస్తాను, పోయినేడు చదివింది తప్పని. మనవాళ్ళు తిడతారు, ఎరుపువాళ్ళు నవ్వుతారు. అది పర్లేదు. నన్ను తొలిచేస్తున్నది ఇంకొకటి. పోయినేడు బతికున్న మనిషిని పోయాడన్నాను. ఈ ఏడాది "ఉన్నాడు" అని చెప్పేసరికి నువ్వు నిజంగా లేకపోతే? అదే నోటితో రెండోసారి కూడా అబద్ధమే చెప్పినదాన్ని అవుతాను. అప్పుడు నేను ఏమైపోవాలి?

నాలుగు రోజులుంది. ఎలాగోలా కబురు పెట్టు.

మైకు

*

అన్నయ్యా,

ఉన్నావో లేవో తెలియని మనిషికి ఇది మూడో ఉత్తరం.

మనం గెలిచాం. రాయాలి కాబట్టి రాస్తున్నాను. బక్కోడే గోలు కొట్టాడు, తలతో. ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ ఏడాది పదకొండు పేర్లు. చదివాను. పదకొండు చప్పట్లు పడ్డాయి. ఎరుపువాళ్ళు కూడా తమ వైపు లేచి నిలబడ్డారు, ఆ మర్యాద వాళ్ళకూ ఉంది. కాగితం మడిచాను. గోడ మీద కొత్త పలక మెరుస్తోంది. అప్పుడు ఇలా అన్నాను: "పోయినేడు నేను పద్దెనిమిది పేర్లు చదివాను. కాగితంలో పదిహేడే ఉన్నాయి. పద్దెనిమిదోది మా అన్నయ్య. ఆయన చనిపోలేదు. కోపంతో నేనే చదివాను. మీ చేత బతికున్న మనిషికి చప్పట కొట్టించాను. తప్పు నాది."

ఆయన చనిపోలేదు అన్నప్పుడు మాత్రం గొంతు వణికింది. బస్టాండు గొంతు కాదు అది, ఇంట్లో గొంతు.

ముందు ఎరుపు వైపు నుంచి ఎవరో ఈల వేశారు. తర్వాత నవ్వులు. మన గ్యాలరీ మాత్రం నోరు మెదపలేదు. తిడితే బాగుండేది. సెలూన్ మామ పలక పక్కనే నిలబడి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన మొహం చూడలేక మైకు మీదికి తల వంచుకున్నాను. స్విచ్ ఆపడం మర్చిపోయాను. నా ఊపిరి స్టేడియమంతా వినిపిస్తోంది.

అప్పుడు వచ్చింది. ఒక్క చప్పట. అదే మొద్దు చప్పుడు. సామాన్ల కొట్టు మూల నుంచే.

లేచి అద్దానికి మొహం ఆనించి చూశాను. ఆ మూలంతా నీలం టోపీలు, నీలం మఫ్లర్లు. అన్ని తలలూ ఒకేలా ఉన్నాయి. ఎవరూ చేతులు కదిలించడం లేదు. రిఫరీ ఈల వేశాడు, ఆట మొదలైంది, అందరూ నన్ను మర్చిపోయారు.

ఆట అయ్యాక కమిటీవాళ్ళు గది తాళంచెవి తీసుకున్నారు. ఫైనల్‌కి వేరే గొంతును పెట్టుకుంటారట. ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. ఆ చప్పుడు నాన్నదైతే నాకు ఇద్దరూ లేనట్టే. నాన్నది కాకపోతే ఎవరిది? ఇంత రాసినా ఆ మాట రాయడానికి ధైర్యం చాలడం లేదు.

మైకు

*

మైకూ,

నేను ఉన్నాను. ముందు ఆ సంగతి రాసేస్తే నువ్వు స్థిమితంగా మిగతాది చదువుతావు.

ఇవాళ పొద్దున గడ్డి కోసే యంత్రానికి బ్లేడు అరువు అడుగుదామని ఎరుపు మైదానం గేటుకి వెళ్ళాను. గేటు తాత నన్ను చూసి, "ఏమయ్యా, నీకు పోస్టాఫీసు పెట్టాల్సి వచ్చింది నాకు" అని మూడు ఉత్తరాలూ చేతిలో పెట్టాడు. అక్కడే గేటు పక్కన కూర్చుని చదివాను. బ్లేడు సంగతి మర్చిపోయి వచ్చేశాను. ఇప్పుడు పట్టాలకు అవతల పెద్దాసుపత్రిలో పచ్చిక చూసుకుంటున్నాను. రోగులు దాని మీద నెమ్మదిగా నడుస్తారు. ఎవరూ పెనాల్టీ కొట్టరు.

రెండు చప్పట్లూ నావే. నా చేతులు నాన్న చేతుల్లా తయారయ్యాయని నాకు తెలియదు. నువ్వు రాశాక ఒకసారి కొట్టి చూసుకున్నాను. నిజమే.

కిందటేడు నీలం మఫ్లరు చుట్టుకుని, టోపీ కిందికి లాక్కుని మన మైదానానికి ఎందుకు వచ్చానో చెబుతాను. విరామంలో నీ గదికి వచ్చి ఒక సంగతి ఒప్పుకుందామని వచ్చాను. ఈలోగా నువ్వు నా పేరు చదివావు. అందరూ కొట్టేశారు. నాకు చేతులు కలవడానికి కొంచెం టైం పట్టింది. ఎవరి పేరైనా చదివితే చప్పట కొట్టాలని చిన్నప్పటి నుంచీ అలవాటు కదా, కొట్టాను. కొట్టాక అనిపించింది, చెల్లెలికి నిజం ముందే తెలిసిపోయింది, శిక్ష కూడా వేసేసింది, ఇక ఒప్పుకోవడానికి ఏముందని. విరామం దాకా ఆగకుండా వెళ్ళిపోయాను. ఆ వారమే పని మానేశాను. ఇక ఆ మైదానంలో గీత గీయలేకపోయాను.

నీకు తెలిసింది నిజం కాదని ఇవాళే అర్థమైంది. నేను తడిపి పడగొట్టానని అనుకున్నావు. నేను తడపలేదు మైకూ. ఆరబెట్టబోయాను.

ఆ రోజు పొద్దున చూస్తే పెనాల్టీ చుక్క దగ్గర గొట్టం కారి నేల మెత్తగా అయిపోయింది. బక్కోడి గురించి నీకంటే నాకు బాగా తెలుసు. వాడు ఎడమ కాలు బంతికి జానెడు పక్కన, బరువంతా వేసి ఆనిస్తాడు. వాడికి పెనాల్టీ దొరికి, ఆ బురదలో జారితే? ఎర్ర చొక్కా వేసుకుని, ఎరుపు జీతం తింటూ, నేను కూర్చుని ఆలోచించింది అది. తడిమట్టి గరిటెతో తీసేసి, పొడి ఇసుక నింపి, పైన పచ్చిక ముక్క అతికి, చేత్తో కొట్టి కొట్టి గట్టి చేశాను. ఎవరూ చూడలేదు. లోపల నేను నీలమే కదా, వదులుకోలేకపోయాను.

"మట్టికి అతుకు వేస్తే నెల రోజులు ఎవరినీ తొక్కనివ్వకూడదురా" అని నాన్న నెత్తీ నోరూ బాదుకుని చెప్పేవాడు. నేను ఆరు గంటలు కూడా ఆగలేదు. కింద తడి, పైన పొడి. ఆ రెండూ అతకలేదు. బురదైతే వాడు జాగ్రత్తపడేవాడు. పచ్చగా, గట్టిగా కనబడిన చోటే నమ్మి కాలు వేశాడు. ఆ ముక్క మొత్తంగా జారిపోయింది. ఆట అయ్యాక ఎరుపువాళ్ళంతా నా భుజం తట్టారు. "భలే తడిపావు మేస్త్రీ" అన్నారు. కాదని చెప్పలేను, అవునని చెప్పలేను. నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

కాబట్టి నువ్వు చదివిన పేరు కారణం తప్పినా మనిషి తప్పలేదు. మన జట్టును పడేసింది నేనే. ప్రేమతో పడేశాను, అంతే తేడా. నిన్న నువ్వు మైకులో తప్పు నాది అంటుంటే, కాదు నాది అని అరవాలనిపించింది. అరుపు నీకిచ్చి నాకు గడ్డి ఇచ్చాడు నాన్న. చప్పట మాత్రం కొట్టగలిగాను. నీ తాళంచెవి పోయిందని చదివి చాలా బాధగా ఉంది.

ఇంకొకటి. నవ్వకు. ఆసుపత్రిలో పని నాలుగింటికల్లా అయిపోతుంది. రోజూ మీ బస్టాండుకి వచ్చి టోపీ కిందికి లాక్కుని మూడో ప్లాట్‌ఫాం బెంచీ మీద గంటసేపు కూర్చుంటున్నాను. ఏ బస్సూ ఎక్కను. నీ గొంతు విని వెళ్ళిపోతాను. టీ కొట్టాయన నన్ను పిచ్చివాడనుకుంటున్నాడు, టీలో చక్కెర మాత్రం వేస్తాడు. ఈమధ్య నువ్వు ప్రతి ప్రకటన తర్వాతా ఆగుతున్నావు. జలుబేమో, మిరియాల పాలు తాగమని ఎవరిచేతైనా చెప్పిద్దామనుకున్నాను.

ఇప్పుడు నీకు అంతా తెలిసింది. ఆ పలక మీద నా పేరు ఉండనీయాలో, చెక్కేయించాలో నువ్వే చెప్పు. నీ మాటే నాకు మాట.

నీ అన్నయ్య,
గడ్డి మేస్త్రి

*

ఒరేయ్ అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి మొదటి వాక్యం దాటడానికే పావుగంట పట్టింది. పక్క గదిలో టికెట్లు కొట్టే అమ్మాయి ఏమైందని పరిగెత్తుకొచ్చింది. మా అన్నయ్య ఉన్నాడే అన్నాను. "ఎవరు లేరన్నారు?" అంది. దానికేం చెప్పను?

ఇసుకట, ఇసుక! ముప్ఫై ఏళ్ళు మట్టి పిసికిన మనిషి కొడుకువి, తడి నేలకు పొడి ఇసుక అతుకు వేస్తావా? నాన్న ఉంటే తాడుతో కట్టేసి కొట్టేవాడు. నేనూ కొడతాను. రెండేళ్ళు నిన్ను ద్రోహి అని తిట్టుకున్నాను. తీరా చూస్తే ఇంతకంటే పెద్ద నీలంవాడు పట్టాలకు రెండువైపులా లేడు. నీకు క్షమాపణ చెప్పాలో నిన్ను క్షమించాలో తెలియడం లేదు. రెండూ ఒకేసారి చేసుకుందాం, ఎవరి వాటా వాళ్ళం.

బక్కోడికి మాత్రం నువ్వే వెళ్ళి చెప్పాలి. రెండేళ్ళుగా తన కాలిదే తప్పనుకుని తిరుగుతున్నాడు పాపం. నీ పక్కన నేనుంటాను.

పలక సంగతి సెలూన్ మామనే అడిగాను. ముందు నా మీద మండిపడ్డాడు. నీ ఉత్తరంలో ఇసుక ముక్క చదివి వినిపిస్తే, దువ్వెన పట్టుకునే కుర్చీలో కూలబడ్డాడు. "బక్కోడి కోసమా!" అని చాలాసేపు అదే అన్నాడు. నీ పేరు మీద నీలం గుడ్డపట్టీ అతికించాడు. చెక్కేయించడట. నీ టైం వచ్చినప్పుడు పీకేస్తే సరిపోతుందట. మనిషికి ముందుచూపు ఎక్కువ.

స్టేడియం తాళంచెవి పోయింది. బస్టాండు మైకు నాదే. రేపు సాయంత్రం ఏడో నంబరు బస్సు కదిలిపోయాక నీ పేరు ఇంకోసారి చదువుతాను. నువ్వు ఆ బెంచీ మీదే ఉండు, నాన్న తాడు వెంట తెచ్చుకో. ఏం చదువుతానో ఇప్పుడే రాస్తున్నాను, మళ్ళీ ఆలస్యం చేస్తావని.

"ప్రయాణికులకు గమనిక. తప్పిపోయిన మనిషి కోసం ఈ ప్రకటన. గడ్డి మేస్త్రి ఎక్కడ ఉన్నా వెంటనే మెట్లెక్కి ప్రకటన గదికి రావలెను. ఆయన చెల్లెలు ఎదురుచూస్తున్నది."

ఆ తర్వాత అలవాటు ప్రకారం ఆగి వింటాను. చప్పట కొట్టకు. వచ్చి తలుపు కొట్టు.

మైకు